ఒకే కీ మీద ఇద్దరు

ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చిన రోజున సులోచనను ఆమె ఇంటి తలుపే లోపలికి రానివ్వలేదు.

గుండె మార్పిడి జరిగి అప్పటికి ముప్ఫై నాలుగు రోజులు. ఆటో దిగి, చెల్లెలు నీలవేణి భుజం పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కింది. గుమ్మం పక్కన గోడకు అరచేయంత పలక బిగించి ఉంది. దాని ముందు మనిషి నిలబడితే చాలు. గుండె కొట్టుకునే తీరును దూరం నుంచే పసిగట్టి, వచ్చినదెవరో తేల్చుకుని తలుపు తీస్తుంది. జిల్లాలో ప్రతి ఇంటికీ, బడికీ, బస్సుకీ అలాంటి పలకలే.

ఎర్ర దీపం వెలిగింది. "జక్కుల ఎల్లేషు గారూ, ఈ ఇంట్లో మీకు ప్రవేశం లేదు" అంది పలక, ఎంతో మర్యాదగా.

సులోచన వెనక్కి తిరిగి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఎల్లేషు ఎవడే?"

నీలవేణి పలక వైపు చూసింది. ఆ పలకను తయారు చేసిన ఇద్దరిలో ఆమె ఒకతె. ఏం జరిగిందో ఆ ఒక్క పేరుతోనే అర్థమైపోయింది.

"అక్కా, జర పక్కకు నిలబడు. తలుపు నేను తీస్త" అంది.

సులోచనకు నలభై నాలుగేళ్ళు. ఆడపిల్లల గురుకులంలో పీఈటీ టీచరు. తల్లిదండ్రులు పోయాక చెల్లెలిని చదివించింది ఆమే. నీలవేణి ఇంజనీరై, హన్మకొండ శివారులోని జనసూచి కేంద్రంలో చేరింది. ఆ కేంద్రానికి డైరెక్టరు చక్రపాణి. ఏ రెండు గుండెలూ ఒకేలా అదరవని ఆయన కనిపెట్టాడు. ఆ అదురును అరవై నాలుగు అక్షరాల కోడ్‌గా మార్చడం నీలవేణి కనిపెట్టింది. కార్డులు పోతాయి, కూలి పని చేసేవాళ్ళ వేలిముద్రలు అరిగిపోతాయి, ఒకే పేరు వెయ్యిమందికి ఉంటుంది. గుండెను మాత్రం ఎవరూ ఎక్కడా పారేసుకోరు. అందుకే జిల్లాలోని పదకొండు లక్షల మందికీ డేటాబేస్‌లో ఒక్కో వరుస పెట్టి, ఆ వరుసకు ప్రైమరీ కీగా, అంటే మనిషిని గుర్తుపట్టే ఒకే ఒక్క ఆనవాలుగా, గుండె కోడ్‌నే ఉంచారు.

మిగతాదంతా నీలవేణి రాసిన ఒకే ఒక్క నియమం మీద నడిచేది. ఏదైనా సమాచారం వస్తే ముందు కీ చూడు. ఆ కీతో వరుస ఉంటే పాతదాని మీదే రాసి అప్‌డేట్ చెయ్యి. లేకపోతే కొత్త వరుస ఇన్సర్ట్ చెయ్యి. ఒక కీకి ఒకే వరుస. ఆ నియమం రాసిన రోజున, ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద జిల్లా ఇమిడిపోయిందే అని ఆమె మురిసిపోయింది. సులోచన ఇంట్లో సేమియా పాయసం వండింది.

మర్నాడు ఉదయం ల్యాబ్‌లో నీలవేణి రెండు వరుసలనూ పక్కపక్కన తెరిచింది.

సులోచన వరుసలో ఇలా ఉంది: ఈ కీ ముప్ఫై రోజులుగా ఎక్కడా వినబడలేదు. స్థితి, మరణం.

నిజమే. ఆ పాత గుండెను డాక్టర్లు తీసేశారు. అది ఇక ఎక్కడా వినబడదు.

రెండోది జక్కుల ఎల్లేషు వరుస. వయసు ముప్ఫై ఒకటి. కరెంటు లైన్‌మన్. గాలివాన నాడు స్తంభం మీద నుంచి పడ్డాడు. నెల కిందటే మరణం అని నమోదైంది. ఆస్పత్రి పలక ముందు కొత్త గుండె కొట్టుకోగానే యంత్రం కీ చూసుకుంది. ఉంది. అప్‌డేట్ చేసింది. స్థితి, సజీవం. బరువు, రక్తపోటు, చిరునామా అన్నీ సులోచనవి. భార్య రేణుక. కూతురు శ్రావ్య, ఆరేళ్ళు.

యంత్రం ఎక్కడా తప్పు చేయలేదు. నీలవేణి ఏం చెప్పిందో అదే చేసింది.

చక్రపాణి విని పెద్దగా కంగారుపడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పేరు మార్చేయమ్మా. ఎల్లేషు అన్నచోట సులోచన అని పెట్టు. పుట్టిన తేదీ, ఉద్యోగం, అన్నీ మీ అక్కగారివి ఎక్కించు. ఒక్క అప్‌డేట్. సాయంత్రానికి అంతా సర్దుకుంటుంది" అన్నాడు.

"మరి ఎల్లేషు సార్?"

"ఆయన పోయాడు కదమ్మా."

"పోయిండని చెప్పేటందుకైనా ఒక వరుస ఉండాలె గద సార్. ఉన్నదే ఒక్కటి. దాని మీద మా అక్కను రాస్తే ఆయన పుట్టింది, చదివింది, పెళ్ళి చేసుకుంది ఏదీ ఉండదు. ఆ పిల్ల వరుసల తండ్రి అన్నచోట ఈ కీనే ఉన్నది. రేపటి నుంచి ఆమె తండ్రి పేరు సులోచన."

"ఇంతకుముందు ఇలాంటివి వచ్చినప్పుడు కూడా ఇలాగే సర్దాం" అన్నాడాయన, కాస్త చిరాగ్గా.

నీలవేణి నిలబడిపోయింది. "ఎంతమందికి?"

ఆయన తెర వైపు తిరిగాడు.

ఆమె మార్పుల చిట్టా తెరిచి వెతికింది. మరణం అని ఉండి మళ్ళీ సజీవం అయిన వరుసలు, ఆ వెంటనే పేర్లు మారినవి, నలభై ఒకటి. ఏ రోజు, ఏ సమయానికి మార్చారో ఉంది. అంతకుముందు ఆ వరుసల్లో ఏ పేర్లున్నాయో లేదు. పాత విలువలు దాచిపెట్టడం దండగ, చోటు వృథా అని మూడేళ్ళ కిందట తీర్మానించినప్పుడు ఆ కాగితం మీద ఆమె కూడా సంతకం చేసింది.

నలభై ఒక్క మంది పుట్టి, పెరిగి, చచ్చిపోయి, తమ గుండెలు ఇచ్చి, అసలు లేనివాళ్ళయ్యారు.

ఇంటి దగ్గర సులోచన ఊరుకునే మనిషి కాదు. డాక్టరు నడవొచ్చు అన్న రోజునే గురుకులానికి వెళ్ళింది. గేటు తెరుచుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ లోపలి నుంచే చేతులు నలుపుకుంటూ, "రికార్డుల మీరు లేరు మేడం. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి. మీ పోస్టుల కొత్తామె గూడ వచ్చింది" అంది.

కబడ్డీ జట్టు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఊచల్లోంచి చేతులు చాపారు. ఒకరిద్దరు ఏడ్చారు.

"ఏడుపెందుకే? సచ్చిన మేడం ప్రాక్టీసుకు వచ్చిందనుకోండ్రి" అంది సులోచన. చీర కొంగు నడుముకు బిగించి, మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుంది. "గీతలు గియ్యండ్రి. రైడర్ ఎవరు? నువ్వా? కాళ్ళు దగ్గరికి పెట్టి నిలబడ్డవేందే, గట్ల నిలబడితే ఎవలైనా పడేస్తరు!"

గేటు బయట స్టూలు వేసుకుని గంటసేపు ఆట నడిపింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా. కొత్తగా వచ్చిన టీచరు మూడో రోజు తన గొడుగు తెచ్చి ఊచల్లోంచి అందించింది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి ఒక ముసలామె వచ్చింది. చేతిలో ఫోను, చంకలో గుడ్డసంచి. బక్కగా, పొడుగ్గా ఉంది. ఆదివారం కావడంతో నీలవేణి కూడా ఇంట్లోనే ఉంది.

"మా ఎల్లేషు ఈడ ఉన్నడట" అంది ముసలామె.

ఆమె పేరు బుచ్చమ్మ. ఎల్లేషు తల్లి. ఫోనులో సందేశం చూపించింది. మీ కుమారుడి స్థితి మారింది, సజీవం, అని ఉంది. కింద ఈ చిరునామా. గుండె ఎవరిదో ఎవరికీ చెప్పకూడదని ఆస్పత్రివాళ్ళు పెట్టుకున్న కట్టుబాటును యంత్రం ఒక్క సందేశంతో తెగ్గొట్టింది.

"కోడలు వద్దన్నది. నేను పోనత్తా, నువ్వు పోకు, అదేదో అబద్ధం అన్నది. మెసేజి వచ్చిన కాడికెళ్ళి అన్నం ముడుతలేదు. పిల్లేమో నాయిన ఎప్పుడొస్తడని తలుపు కాడనే కూసుంటున్నది. నా చేతులతోని మన్నేసిన. అయినా వచ్చిన బిడ్డా. ఏమో, ఎట్ల రాకుంట ఉండాలె?"

సులోచన ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఏం దాచలేదు. మీ కొడుకు లేడమ్మా, ఆయన గుండె నాకు పెట్టిండ్రు, యంత్రం నన్ను ఆయన అనుకున్నది, అని మెల్లగా, రెండుసార్లు చెప్పింది.

బుచ్చమ్మ సులోచన ముఖంలోకి చూసింది.

"వింటావమ్మా?" అంటూ సులోచన తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"వద్దు." బుచ్చమ్మ మొహం తిప్పుకుంది. "వద్దు బిడ్డా. వింటే ఈడికెళ్ళి నేను లేవ."

నీలవేణి నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆమె ముందు నేల మీద కూర్చుంది. తప్పంతా తన నియమంలోనే ఉందని ఒప్పుకుంది. ఇప్పుడు పైవాళ్ళు ఎల్లేషు పేరు తీసేసి ఆ చోట అక్క పేరు రాయమంటున్నారని కూడా చెప్పింది.

గ్లాసు కింద పెట్టి బుచ్చమ్మ నిటారుగా కూర్చుంది.

"ఇయ్యమని ఏలుముద్ర ఏసింది నేనే. కోడలు ఏడ్సుకుంట పడిపోతే నేనేసిన. ఇంకొకలు బతుకుతరని ఏసిన. గుండె ఇచ్చిన గని పేరియ్యలే. నా కొడుకు పేరు తుడిశేటందుకు వాళ్ళెవలు?"

"నాకూ వద్దమ్మా" అంది సులోచన. "ఇంకొకల పేరు మీద చెరిపి రాసిన బతుకు నాకెందుకు? రికార్డుల సచ్చిపోయే ఉంట. ఎన్ని రోజులైతే గన్ని రోజులు."

సోమవారం నీలవేణి డైరెక్టరు గదికి వెళ్ళి తేల్చి చెప్పింది. మనిషి శరీరంలోంచి తీసింది ఏదీ కీగా ఉండకూడదు. శరీరం మారుతుంది, అరుగుతుంది, ఒకరిది ఇంకొకరికి పోతుంది. కీ అంటే ఒట్టి అంకె అయి ఉండాలి. దానికి ఏ అర్థమూ ఉండకూడదు. పుట్టినప్పుడు ఒకసారి ఇచ్చి, చచ్చాక కూడా ఇంకెవరికీ ఇవ్వకూడదు. గుండె కోడ్‌ను పక్కన మామూలు వివరంగా ఉంచుకోవచ్చు, ఇవాళ ఒకటి, రేపు ఒకటి.

"అప్పుడు మళ్ళీ నంబర్లు, కార్డులు" అన్నాడు చక్రపాణి. "మా నాన్న రైల్వే స్టేషన్లో పడిపోతే జేబులో కార్డు లేదు నీలవేణీ. పేరు తెలియని శవం అని నాలుగు రోజులు ఉంచారు. నేను పక్క ఊళ్ళోనే ఉన్నాను. ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇదంతా మొదలుపెట్టాను."

ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"పేరు తెలియకపోతే ఎట్లుంటదో మీకు తెలుసు సార్" అంది నీలవేణి. "తెలిసి నలభై ఒక్కమందికి మీరే పేరు లేకుండా చేసిండ్రు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "శుక్రవారం కమిటీ వస్తోంది. రాష్ట్రమంతటా ఇదే పెట్టాలా వద్దా అన్నది ఆ రోజు తేలుతుంది. గుండె మార్పిడి అయినవాళ్ళ సంగతేమిటని వాళ్ళే అడిగారు. మీ అక్కగారిని తీసుకురా. అందరి ముందూ నువ్వే అప్‌డేట్ చేసి చూపించు. ఆమె ఉద్యోగం ఆమెకు వస్తుంది. ఆలోచించుకో."

శుక్రవారం పదకొండింటికి ల్యాబ్ హాలు నిండిపోయింది. కమిటీలో ఐదుగురు. అధ్యక్షురాలు ఇందుమతి రిటైరైన జడ్జి. వెనక కుర్చీల్లో అధికారులు, విలేకరులు. సులోచన వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని బుచ్చమ్మ వచ్చింది. చక్రపాణి బుచ్చమ్మను చూసి, పేషెంటు తాలూకు బంధువనుకుని కుర్చీ చూపించాడు.

సులోచన పలక ముందు నిలబడింది.

"జక్కుల ఎల్లేషు గారూ, నమస్కారం" అంది పలక.

హాల్లో చిన్న నవ్వు లేచింది. బుచ్చమ్మ నవ్వినవాళ్ళ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది ఒక్క నిమిషంలో సరిదిద్దే విషయం" అన్నాడు చక్రపాణి. "నీలవేణీ, అప్‌డేట్ చెయ్యమ్మా."

నీలవేణి కీబోర్డు ముందు కూర్చుంది. తెర మీద అందరికీ కనిపించేలా అక్షరాలు పడుతున్నాయి. అప్‌డేట్ అని కాదు, ఇన్సర్ట్ అని కొట్టింది. పేరు, సులోచన. ఉద్యోగం, పీఈటీ. స్థితి, సజీవం. కీ దగ్గర అక్క ఛాతీలో ఇప్పుడు కొట్టుకుంటున్న గుండె కోడ్.

యంత్రం తిరస్కరించింది. ఈ కీతో ఇప్పటికే ఒక వరుస ఉంది, అని ఎర్రగా రాసింది.

"అట్లా రాదు. ఇన్సర్ట్ కాదు, అప్‌డేట్" అన్నాడు చక్రపాణి, గొంతు తగ్గించి.

నీలవేణి లేచి కమిటీ వైపు తిరిగింది.

"మేడం, ఈ నియమం రాసింది నేను. కీ ఉంటే దాని మీదనే రాయి, లేకుంటే కొత్తది పెట్టు అని. నేను కీ అంటే మనిషి అనుకున్న. కాదు. మా అక్క ఒకామె, ఈ అమ్మ కొడుకు ఒకాయన. యంత్రం ఇద్దరిలో ఒక్కరినే ఉండనిస్తది. ఎవరిని తీసెయ్యాలో నన్ను చెప్పమంటున్నరు. నేను చెప్ప."

"ఇలా ఎంతమంది ఉన్నారు?" అడిగింది ఇందుమతి.

"నలభై ఒక్కమందిని ఇప్పటికే తుడిచేసినం. వాళ్ళ పేర్లు మా దగ్గర లేవు."

"అమ్మా, ఇది పద్ధతి కాదు" అంటూ చక్రపాణి ముందుకు వచ్చాడు.

బుచ్చమ్మ లేచి నిలబడింది. ఎవరి అనుమతీ అడగలేదు. సులోచన పక్కకు నడిచి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకుని, "ఈమె సులోచన టీచరు. ఈమె లోపల కొట్టుకునేది నా కొడుకు గుండె. నేనేమో సదువు రానిదాన్ని. నాకే ఇద్దరు కనబడుతున్నరు. ఇద్దరిని రాయుండ్రి" అంది.

నీలవేణి మళ్ళీ కూర్చుంది. డిజైనరుగా ఆమెకొక అధికారం ఉంది, ఎప్పుడూ వాడలేదు. గుండె కోడ్ మీద నుంచి ప్రైమరీ కీ అనే నియమాన్నే తీసేసింది. చక్రపాణి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అప్పటికే ఎంటర్ నొక్కేసింది.

ఈసారి యంత్రం ఇన్సర్ట్‌ను ఒప్పుకుంది. తెర మీద ఒకే కోడ్‌తో రెండు వరుసలు నిలబడ్డాయి.

మనిషిని తేల్చుకునే కీ లేకపోయేసరికి జిల్లాలోని పలకలన్నీ ఏం చెయ్యాలో తెలియక ఆకుపచ్చ దీపం వేసి ఊరుకున్నాయి. ఇళ్ళూ బళ్ళూ ఆఫీసులూ తెరుచుకున్నాయి. ఆరు గంటల పాటు ఎవరు ఎవరో ఏ యంత్రమూ అడగలేదు. ఒక ఆస్పత్రిలో మందుల అలమారా తెరిచే ఉండిపోతే నర్సు ఒకామె దాని ముందు కుర్చీ వేసుకుని కాపలా కాసిందట. బస్సుల్లో కండక్టర్లు మనుషుల్ని పేరడిగి ఎక్కించుకున్నారు. నీలవేణి మీద పెట్టిన కేసులో ఇవన్నీ వరసగా రాశారు. ప్రజల భద్రతకు ముప్పు తెచ్చిందని, అధికార దుర్వినియోగమని. ఆమెను సస్పెండ్ చేశారు. యంత్రం పాడైందని, తాను పొరపాటున నొక్కానని సంతకం పెడితే కేసు వదిలేస్తామని ఒక కాగితం పంపారు.

ఆమె దాన్ని వెనక్కి తిప్పి, "పొరపాటున కాదు" అని రాసి, సంతకం పెట్టి తిప్పి పంపింది.

సాయంత్రానికి పాత నియమం మళ్ళీ పెట్టేశారు. సులోచన రెండో వరుసను తీసేశారు. కానీ రాష్ట్రమంతటా పెట్టే ఆలోచనను కమిటీ ఆపేసింది. ఆ నలభై ఒక్కమంది ఎవరో లెక్క చెప్పాలని ఇందుమతి ఉత్తర్వు రాసింది. ఆ పేర్లు కేంద్రంలో ఎక్కడా దొరకలేదు.

వారం తిరగకుండానే నీలవేణి గురుకులం గేటు బయట, వేపచెట్టు నీడన బల్ల వేసుకుని కూర్చుంది. ముందు ఒక పాత కంప్యూటరు. అందులో ఆమె సొంతంగా తయారు చేసిన ఖాళీ పట్టిక. కీ దగ్గర ఒట్టి అంకెలు, ఒకటి నుంచి. దాన్ని ఎవరైనా ఒప్పుకుంటారో లేదో ఆమెకు తెలియదు. పత్రికల్లో చూసినవాళ్ళు మాత్రం రావడం మొదలుపెట్టారు. మా అన్న గుండె ఇచ్చినం అంటూ ఒకాయన పరకాల నుంచి వచ్చాడు. కూతురి ఫోటో పట్టుకుని దంపతులు నిలబడ్డారు. గొడుగు ఇచ్చిన కొత్త టీచరు అందరినీ వరుసలో కూర్చోబెడుతోంది.

"మొదటిది నీదే అక్కా" అంది నీలవేణి.

"నేనాగుత. బతికే ఉన్న గద, యాడికి పోత?" అంది సులోచన. "ముందు ఆ ఎల్లేషు పిలగాన్ని రాయి."

బుచ్చమ్మ వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఈసారి పక్కన కోడలు రేణుక ఉంది, ఆమె ఒడిలో శ్రావ్య ఉంది. నీలవేణి ఒకటి అని కొట్టి, పేరు రాసి, ఊరు రాసి, స్థితి అన్న గడి దగ్గరకు వచ్చి ఆగింది. రాయాల్సిన మాట ఆ పిల్ల ముందు పైకి అనలేక బుచ్చమ్మ వైపు చూసింది.

బుచ్చమ్మ తెర మీదికి వంగి, చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ముందుగాల బతికిండని రాయి బిడ్డా" అంది. "ఎట్ల బతికిండో నేను చెప్త, అంత రాయి. సచ్చిపోయిండని ఆఖర్న రాద్దువు."